నక్షత్రం తిప్పిన దిక్సూచి

ఒక లాంచిని, అందులో ఉన్న మనుషులందరినీ నేను సైన్సుతో కాపాడాను. క్రిస్మస్ విందుల్లో ఈ కథ చెప్పినప్పుడల్లా ఆ మనుషుల సంఖ్య పెరుగుతూ వచ్చింది. నిజానికి అంతమంది ఆ లాంచిలో పట్టరు. ఈసారి కాగితం మీద పెడుతున్నాను కాబట్టి కాస్త ఒళ్ళు దగ్గర పెట్టుకుని చెబుతాను.

అరవైల నాటి మాట. మా బావ కలకత్తా రేవులో ఒక చిన్న లాంచికి సారంగు; అంటే చుక్కాని ఆయన చేతిలో ఉండేది. మెటియాబ్రుజ్ ఒడ్డున కూలీలను ఎక్కించుకుని, నది దాటించి, అవతలి జూటుమిల్లు దగ్గర దించడం ఆయన పని. నేను ఆ మిల్లులో మోటార్ల దగ్గర పనిచేసేవాణ్ణి. మాది భీమిలి వైపు నుంచి వచ్చిన క్రైస్తవ కుటుంబం. బావ చర్చిలో పెద్ద. సారా వాసన తగిలితే వీధి మారిపోయే మనిషి.

అలాంటి మనిషి ఒక డిసెంబరులో, పొగమంచులో, లాంచిని తీసుకెళ్ళి బురదమేట మీదికి ఎక్కించాడు. ఇంత అనుభవం ఉన్న సారంగు దారి తప్పాడంటే తాగి ఉంటాడని ఆఫీసులో తేల్చేశారు. ఇంకొక్కసారి జరిగితే ఉద్యోగమూ ఉండదు, క్వార్టరూ ఉండదు అన్నారు. మా అప్ప మాత్రం తాగావా అని అడగలేదు. అక్కను మేం అప్ప అంటాం. కానీ ఆ రోజు మొదలు, సాయంత్రం ఆయన గుమ్మంలోకి రాగానే కండువా అందుకునే నెపంతో దగ్గరికొచ్చి ఒక్కసారి గట్టిగా ఊపిరి పీల్చేది. ఎందుకో ఆయనకు తెలుసు. నోరు కొంచెం తెరిచి నిలబడేవాడు. వాళ్ళింట్లోనే ఉండే నేను గోడవైపు చూసేవాణ్ణి.

"దిక్సూచి సూసే నడిపానురా," అనేవాడు నాతో. "అయినా అలగెలాగైపోయింది? నాకు బుర్రగాని తిరిగిపోతోందేటి?"

మళ్ళీ డిసెంబరు వచ్చింది. అప్ప వెదురు బద్దలతో, రంగు కాగితంతో ఎప్పటిలాగే రెండు నక్షత్రాలు చేసింది: ఒకటి ఇంటికి, ఒకటి లాంచికి. బావ దాన్ని లాంచి కప్పు మీద కట్టి, లోపల బల్బు పెట్టి, చుక్కాని గదిలోని స్విచ్చు దాకా తీగ లాగాడు. ఆ పాత లాంచిలో బల్బుకు ఒకే తీగ. కరెంటు తిరిగి బ్యాటరీకి వెళ్ళే దారి లాంచి ఇనుప ఒళ్ళే. తీగ చాలా మిగిలింది. కోయలేదు. క్రిస్మస్ ముందురోజు చర్చి పందిరికి అదే తీగ కావాలి మరి. చుట్టలు చుట్టి మేకుకు తగిలించాడు. ఆ మేకు దిక్సూచి పక్కన ఉంది. ఏటా అక్కడే తగిలించేవాడు.

ఆ నెలలోనే ఒక పొద్దున మంచు దిగి నదిని మింగేసింది. తెల్లారింది గానీ ఏమీ కనబడటం లేదు. నీళ్ళ చప్పుడు తప్ప నీళ్ళు లేవు. "ఎదురొచ్చే పడవలోళ్ళకి కనబడతాది," అని బావ జెట్టీ వదలకముందే నక్షత్రం వెలిగించాడు. మంచులో అదొక ఎర్రటి మరకలా ఉంది. నేను చుక్కాని గదిలోనే, ఆయన పక్కన నిలబడ్డాను.

నది మధ్యకు వచ్చేసరికి మిల్లు సైరన్ కూసింది. ముందు నుంచి రావలసిన కూత పక్కనుంచి వచ్చింది. లాంచి ముక్కు దగ్గరున్న బెంగాలీ ఖలాసీ కుడిచెయ్యి చాపి, మిల్లు కుడివైపుందని అరిచాడు: "దాదా, డాన్ దికే! మిల్లు డాన్ దికే!"

బావ తల తిప్పలేదు. "మంచులో సెవులు మోసం సేస్తాయి. ఇది సెయ్యదు," అన్నాడు దిక్సూచి చూపిస్తూ. గాజు కింద అంకెల బిళ్ళ నిశ్చలంగా, పెద్దమనిషిలా తేలుతోంది. తన కళ్ళ మీద నమ్మకం పోయిన మనిషికి అదొక్కటే దిక్కు.

అప్పుడు గంట వినబడింది. లంగరేసిన ఓడలు మంచులో మోగించే గంట. ఆ ఓడలున్న వైపు మేం పోనే కూడదు. ఖలాసీ అరుపు ఆపేశాడు. కూలీల్లో ఎవరో దేవుణ్ణి తలుచుకుంటున్నారు. గంట దగ్గరవుతోంది.

విందుల్లో చెప్పేటప్పుడు నేనిక్కడ ముందుకు దూకి, "బావా, ఆర్పు! కరెంటు పారే తీగ అయస్కాంతం అవుతుంది!" అని గర్జిస్తాను. ఆ సంగతి నాకు తెలియక కాదు. తీగలో కరెంటు పారితే చుట్టూ అయస్కాంత బలం పుడుతుంది, తీగను చుట్టలు చుడితే ఆ బలం పెరుగుతుంది, కరెంటు ఆపితే పోతుంది. నేను తిన్న అన్నమంతా ఆ సంగతి మీద తిరిగే మోటార్లు పెట్టిందే. కానీ ఆ పొద్దున అదేదీ గుర్తుకు రాలేదు. లాంచి ఊగింది, నేను తూలాను, పడిపోకుండా చేతికందినది పట్టుకున్నాను. అది ఆ తీగచుట్ట. స్విచ్చు దగ్గర కొస ఊడింది. నక్షత్రం ఆరిపోయింది.

చుక్కాని కదల్లేదు. లాంచి తిరగలేదు. బిళ్ళ మాత్రం మెల్లగా, నిద్రలో ఒత్తిగిల్లినట్టు, పక్కకు తిరిగి ఆగింది.

బావ దాన్ని చూశాడు. నా చేతిలోని తీగను చూశాడు. చుక్కాని చక్రాన్ని బలమంతా పెట్టి తిప్పాడు. మంచులోంచి తుప్పుపట్టిన ఇనుపగోడ మీదికొచ్చింది. మా పక్కగా లంగరు గొలుసు, ఒక్కో కడియం మనిషంత, నీళ్ళలోకి దిగి ఉంది. సరే, మనిషంత కాదు. కానీ చెయ్యి చాపితే అందేది. ఆ మాట మాత్రం నిజం.

లాంచికి గీత కూడా పడలేదు. ఆఫీసుకు ఏమీ తెలియలేదు. కిందటేటి మచ్చ చెరుపుకోవాలంటే అనుమతి లేని తీగ సంగతి చెప్పాలి, బావ చెప్పలేదు.

ఇంట్లో మాత్రం ఆ తీగచుట్ట బల్లమీద పెట్టాడు. నేను అయస్కాంతానికి రుద్దిన సూదిని దారంతో పక్కన వేలాడదీసి, చుట్ట కొసలు టార్చి బ్యాటరీలకు తాకించాను. ఎవరూ ముట్టకుండానే సూది గిర్రున పక్కకు తిరిగింది. తీశాను. వెనక్కి వచ్చింది.

"మళ్ళీ ఎట్టు," అంది అప్ప. పెట్టాను. సూది మళ్ళీ తిరిగింది. "కిందటేడూ ఇదే తీగేటి?"

"ఇదే," అన్నాడు బావ.

మర్నాడు సాయంత్రం ఆయన గుమ్మంలోకి వచ్చి, అలవాటుగా నోరు కొంచెం తెరిచి నిలబడ్డాడు. అప్ప కండువాకు రాలేదు. "నీళ్ళెట్టాను, కాళ్ళు కడుక్కో," అంది వంటింట్లోంచే. ఆయన ఇంకాసేపు అలాగే నిలబడి ఉన్నాడు.