రాయమల్లు పట్టిన నాడి

వరంగల్ కొత్తవాడలో జంపఖానాల నూలుకు రంగు వేసే రాయమల్లుకు 1979 ఎండాకాలంలో నలభై నాలుగేళ్లు నిండాయి. వాళ్ల నాయన ఆ వయసులోనే, ఒక మిట్టమధ్యాహ్నం, రంగు గంగాళం ముందు కూలిపోయి మళ్లీ లేవలేదు. అందుకే ఆ మే నెలలో, మరుగుతున్న ఎర్ర రంగులో చిలపలను, అంటే నూలు కట్టలను, కర్రతో తిప్పుతుండగా గుండె దడదడా కొట్టుకునేసరికి రాయమల్లు కర్ర వదిలేసి బయటికొచ్చేశాడు.

భార్య కమలకు చెప్పలేదు. నాలుగు రోజులు ఓర్చుకుని, నర్సంపేటకు పోతున్నానని చెప్పి దవాఖానకు వెళ్లాడు. చల్లటి వరండాలో గంటసేపు కూర్చున్నాక వంతు వచ్చింది. డాక్టరు నాడి చూసి, "డెబ్బై ఆరు. నీ గుండెకేం కాలేదయ్యా" అని పంపేశాడు. రాయమల్లు హుషారుగా ఇంటికొచ్చి పొయ్యి ముందు నిలబడ్డాడు. పావుగంటలో గుండె మళ్లీ అదే పరుగు అందుకుంది. డాక్టరు జాలిపడి అబద్ధం చెప్పాడనుకున్నాడు.

అంగీ ఉతకబోయిన కమలకు జేబులో చీటీ దొరికింది.

"నర్సంపేటల మన దవాఖాన చీటీ ఇస్తాన్రా?"

రాయమల్లు తల వంచుకుని అంతా చెప్పేశాడు. కమల ఏడవలేదు, తిట్టలేదు. మర్నాడు మధ్యాహ్నం వెనక వాడలో ఉండే నర్సు వరలక్ష్మిని వెంటబెట్టుకొచ్చింది.

వరలక్ష్మి ముందు అరుగు మీద నాడి చూసింది. ఎనభై. "కొట్టంలకు పోదాం పా అన్న. ఈడ కూసుంటె ఏం తెలుస్తది?" అంది. ముగ్గురూ రంగు కొట్టంలోకి వెళ్లారు. రాయమల్లు ఎప్పటిలాగే చిలపలు తిప్పాడు. అరగంటయ్యాక వరలక్ష్మి గడియారం చూస్తూ మళ్లీ లెక్కపెట్టింది. నూట ఇరవై రెండు.

"గింతేనా నా బతుకు?" అన్నాడు రాయమల్లు.

వరలక్ష్మి తన మణికట్టు తానే పట్టుకుంది. ఒక్క నిమిషం తర్వాత నవ్వేసింది. "నాది నూట ఎనిమిది! పొద్దుగాల డెబ్బై రెండుండె. నేను కర్ర గూడ ముట్టలే, ఉత్తగ నిలబడ్డ."

"నాది గూడ చూడు వదినా" అని కమల చెయ్యి చాపింది. నూట నాలుగు.

"ఒంట్ల వేడి బయటికి పోవాలంటే నెత్తురు తోలు దగ్గరికి రావాలె. ఆ నెత్తురును నెట్టేది గుండెనే గద. వేడి ఎక్కువైతే దానికి పని ఎక్కువ. జ్వరంల గూడ గంతే, ఒక్క డిగ్రీకి నాడి పది దాకా పెరుగుతది. నీడకు పోయి నీళ్లు తాగినంక దిగిందంటె మంచిదే. దిగకుంటెనే ఫికర్" అంది వరలక్ష్మి.

"మరి మా నాయన?"

"చూడని మనిషి సంగతి ఎట్ల చెప్త అన్న? గా దినం ఆయన నీళ్లు తాగిండా?"

రాయమల్లు గుర్తు చేసుకున్నాడు. పెళ్లివారి జంపఖానాలు తొందరని పొద్దుటి నుంచీ నాయన గంగాళం వదలలేదు. ఎవరూ ఆయనకు చెంబెడు నీళ్లివ్వలేదు. ఆ రోజు గుర్తొచ్చి కళ్లు తుడుచుకున్నాడు గాని, ఇన్నాళ్లూ మోసిన భయం మాత్రం దిగిపోయింది.

మరుసటి వారమే కొట్టం పడమటి గోడకు పెద్ద కిటికీ పెట్టించాడు. ఎండాకాలమంతా తెల్లవారుతూనే పొయ్యి ముట్టించి, తొమ్మిదింటికల్లా పని ముగించేవాడు. గుమ్మం దగ్గర కమల ఉప్పు వేసిన మజ్జిగ కుండ పెట్టేది. నాడి పట్టడం వరలక్ష్మి దగ్గర నేర్చుకున్నాడు. వాడలోని రంగులవాళ్లు మొదట "వైద్యుడొచ్చిండు" అని నవ్వి, తర్వాత ఒక్కొక్కరే చేతులు చాపారు.

1982లో పక్క కొట్టం మొండయ్య తల తిరుగుతోందని వచ్చాడు. నీడలో పడుకోబెట్టి నీళ్లు తాగించినా, గంటయ్యాక కూడా అతని నాడి నూట ముప్పై దగ్గరే ఉంది. పైగా లయ తప్పుతోంది. రాయమల్లు రిక్షా పిలిచి తానే దవాఖానకు తీసుకెళ్లాడు. నిజంగానే గుండె జబ్బని తేలింది. పన్నెండు రోజులుంచుకుని, మందులు రాసి పంపారు.

మొండయ్య మళ్లీ పొయ్యి దగ్గర నిలబడలేదు. ఆరిన చిలపలు విడదీసే పని మాత్రం రాయమల్లు ఇంటి వాకిట్లో కూర్చుని చేసేవాడు. యాభై దాటాక కూడా రాయమల్లు రంగు వేస్తూనే ఉన్నాడు. ఎండలు మండే రోజుల్లో తొమ్మిదింటికి పని ముగించి బయటికొస్తే, మొండయ్య ఒక చిలపను వెలుతురులో ఎత్తి పట్టుకుని, "ఇది నెమలి పచ్చనా? తోటకూర రంగున్నది" అనేవాడు. కమల అతన్ని సమర్థించేది. ముగ్గురూ వేపచెట్టు కింద భోజనాల వేళ దాకా దాని మీదే వాదించుకునేవారు.