బువ్వ పెట్టలేదన్న మాట

చైతన్యపురిలో కర్రీ పాయింట్ ముందు పచ్చిపులుసు వాసన తగిలితే నాకిప్పటికీ కోపమొస్తుంది.

నాకప్పుడు తొమ్మిదేళ్లు. అమ్మ నాయనమ్మకు పచ్చిపులుసు అన్నం తినిపించి మూతి తుడిచింది. అంతలో ఎల్బీనగర్ నుంచి మేనత్త వచ్చింది.

"పొద్దటిసంది బువ్వ పెట్టలే బిడ్డా," అంది నాయనమ్మ.

"మా అమ్మను గిట్ల మాడవెడ్తవా వదినా?" అని అత్త అరిచింది.

"అబద్ధం! ఇప్పుడే తిన్నది!" అని నేను నాయనమ్మ మీదికి లేచాను.

"ఆమెకు యాదిలేదు బిడ్డా, అరవకు," అంటూ అమ్మ మళ్లీ నాలుగు ముద్దలు కలిపింది.

అది అబద్ధం కాదు, మతిమరుపు జబ్బని పెద్దయ్యాక అర్థమైంది. నాయనమ్మ మీద కోపం పోయింది. నాయనమ్మ ఆ జబ్బుతో మా ఇంట్లో ఉన్న ఆరేళ్లలో ఒక్క పూటైనా తినిపించని అత్త మాత్రం మొన్న ఒక పెళ్లిలో కూడా చుట్టాలకు అదే మాట చెప్పింది. అమ్మ విననట్టు ఊరుకుంది. నేను ఊరుకోలేదు, ఆరేళ్లూ తినిపించింది అమ్మేనని వాళ్లందరి ముందే చెప్పాను.