యేసోబు పెద్దనాయన పచ్చకొమ్మ

ఎండలు ముదరకముందే గిద్దలూరు వైపు నల్లమలలో మేము ఫైర్ లైన్లు కాలుస్తాం. రేపు అసలు మంట వచ్చినా దాటిపోకుండా గడ్డిని ముందే పట్టీలా తగలబెట్టి ఉంచడమన్నమాట. ఈ పొద్దున ఆ కమురు వాసన ముక్కుకు తగలగానే యేసోబు పెద్దనాయన పక్కనే నిలబడి దగ్గినట్టనిపించింది.

నేను అటవీ శాఖలో బీట్ ఆఫీసరుగా చేరేనాటికి ఆయన అడవిలో మంటలు లేవకుండా కాపలా కాసే ఫైర్ వాచర్. అరవైకి దగ్గరపడ్డ మనిషి గనక పెద్దనాయనా అని పిలిచేదాన్ని. నేనేమో తర్లుపాడు పిల్లను, మంటంటే పొయ్యిలో చూసిందే. మొదటిసారి అడవి మంట దగ్గర ఆయన పచ్చకొమ్మ విరిచి నా చేతికిచ్చాడు. మంట మీద శక్తికొద్దీ బాదాను. ఆయన నవ్వాడు.

“ఏంది పాపా, బట్టలుతుకుతున్నావా? పైకెత్తి కొడితే రవ్వలెగిరి నీ ఎనకే ఇంకో మంట లేస్తది. అదిమిపెట్టి, కాలిన దిక్కుకు ఈడ్చు.”

ట్రైనింగులో ఇంత సూటిగా నాకెవరూ చెప్పలేదు.

మూడో వేసవిలో కొండయ్య అనే మేకల కాపరి అడవికి నిప్పుపెట్టాడు. వారం ముందు అతని మేకలను నేనే బయటికి తోలించాను, నలుగురిలో నోటికొచ్చినట్టు తిట్టాను కూడా. ఆ కసితో అగ్గిపుల్ల గీశాడు. మేము మంటను ఆర్పుతుండగా మధ్యాహ్నం గాలి తిరిగింది. పెద్దనాయన నన్ను అప్పటికే కాలిపోయిన నేల మీదికి లాగాడు, అక్కడ ఇక కాలడానికేమీ ఉండదు గనక. ఆయన తమ్ముడు దావీదు, మాతో పనిచేసే వాచరే, కంగారులో గుట్ట పైకి పరిగెత్తాడు. “దిగు రా, కిందికి దిగు!” అన్న పెద్దనాయన అరుపు నాకింకా వినిపిస్తుంది. ఎగువకు మంట మనిషికన్నా వేగంగా పోతుంది. దావీదు మాకు దక్కలేదు.

కొండయ్య నేరం ఒప్పుకుని జైలుకు పోయాడు. శిక్ష ముగిసి వచ్చాక ఊళ్లో ఎవరూ అతన్ని పనికి పిలవలేదు, పలకరించలేదు. ఒక ఉదయం పెద్దనాయన అతన్ని వెంటబెట్టుకుని మా ఆఫీసు ముందు నిలబడ్డాడు.

“లైన్ల పనికి మనుషులు చాలట్లేదంటివి గదా. వీన్ని పెట్టుకో.”

నాకు ఒళ్లు మండిపోయింది. “నీ తమ్ముణ్ణి పొట్టనబెట్టుకున్నాడు పెద్దనాయనా! ఎట్ల అడుగుతున్నావ్?”

“నేనేం మర్సిపోలేదు. చర్చిలో మోకరిస్తే గూడా వీని మొగమే కనపడతది. ఆ పొద్దు నువ్వు తిట్టినావు. ఇప్పుడు ఊరంతా వీన్ని కొమ్మ పైకెత్తి బాదినట్ల బాదుతున్నారు. రవ్వ ఏడ పడతదో ఎవురికి తెలుసు పాపా? మల్లా ఇంకొకని తమ్ముడు పోవాల్నా?”

కొండయ్య తలెత్తలేదు. నేనూ ఎత్తలేకపోయాను, సిగ్గుతో. సరే అనడానికి నాకు రెండు రోజులు పట్టింది.

నిరుడు పెద్దనాయన కన్నుమూశాడు. ఇప్పుడు అడవిలో మేకలు కనబడితే ముందు కాపరిని నీడన కూర్చోబెట్టి మంచినీళ్లిస్తాను. మాటలు ఆ తర్వాతే. కోపం రాదని కాదు, బాగా వస్తుంది.

ఈ పొద్దున కొత్తగా చేరిన అమ్మాయి కొమ్మను ఎత్తెత్తి బాదుతోంది. నేను చెప్పబోయేలోపే కొండయ్య ఆమె దగ్గరికి వెళ్లాడు.

“పైకెత్తొద్దమ్మా. అదిమిపెట్టు. కాలిన దిక్కుకు ఈడ్చు.”

కొండయ్యా నేనూ లైను చివరిదాకా నడిచి చూశాం. ఎక్కడా ఒక్క రవ్వ మిగల్లేదు.