సందెవేళ కొండెక్కే గాలి

మా అత్తగారు ఇండియా నుంచి వచ్చిన వారంలోనే తీర్పు చెప్పేశారు. అప్పుడు మా అమ్మాయికి ఆరేళ్ళు, ఉబ్బసం. పడుకుంటే చాలు, పిల్లికూతలు. ఆ చప్పుడు వినబడుతుంటేనే మా ఇంట్లో అందరికీ నిద్ర పట్టేది, అది మారితే మెలకువ వచ్చేది.

"మందులు మింగిస్తే ఏం లాభం అమ్మాయ్? పిల్లకి గాలి మార్పు కావాలి. మా పెదనాన్నకి క్షయ వస్తే మదనపల్లె తీసుకెళ్ళారు. శుభ్రంగా ఎనభై ఏళ్ళు బతికాడు."

నిజానికి గాలి గురించి ఎవరైనా నా దగ్గర నేర్చుకోవాలి. నా ఉద్యోగమే అది. డెబ్భైల చివర, దక్షిణ కాలిఫోర్నియాలో, కొండల కింద ఒక లోయ పట్నంలో, గాలిలో ఓజోన్ ఎంతుందో కొలిచే ఆఫీసులో కెమిస్టుని. ఆకాశంలో ఎక్కడో పైన ఉంటే మనల్ని కాపాడే ఓజోనే, ముక్కులోకి వెళితే ఊపిరితిత్తులని గీరేస్తుంది. కార్ల పొగ ఎండలో ఉడికితే పుడుతుంది. మధ్యాహ్నానికి అది ఎంత పెరుగుతుందో పొద్దున్నే లెక్కగట్టి స్కూళ్ళకి ఫోన్ చేసేవాళ్ళం. కిటికీలోంచి కొండ ఇంకా స్పష్టంగా కనబడుతుండగానే, ఇవాళ పిల్లల్ని బయటికి వదలకండి అని చెప్పేదాన్ని. మధ్యాహ్నానికి కొండ మాయమయ్యేది. ఆటస్థలాలు ఖాళీ. అంత ఎండలో ఒక్క పిల్ల గొంతు లేకుండా ఊరు ఊరంతా నోరు నొక్కుకుని కూర్చునేది. నేను చెప్పిన సోదె నిజమైనందుకు సంతోషించాలో భయపడాలో తెలిసేది కాదు.

అందుకే అత్తగారి మాట నాకూ నచ్చింది. కొండమీద నుంచి చూస్తే ఆ గోధుమరంగు పొగ ఎక్కడో కింద, లోయకి మూత పెట్టినట్టు ఉంటుంది. మూత పైన ఉంటే చాలు కదా అనుకున్నాను. వేసవికి అక్కడే ఒక చెక్క ఇల్లు అద్దెకి తీసుకున్నాం. పట్నంలో మా అపార్ట్‌మెంట్ లీజు ఇంకా మిగిలే ఉంది. మా ఆయన ఒక అడుగు ముందుకేసి ఆ చెక్క ఇల్లు కొనేద్దామన్నారు. "లోన్‌కి అప్లై చేశాను. స్కూల్ తెరిచేలోపు సైన్ చేసేద్దాం" అని ఒకటే హుషారు. మా ఆఫీసు వాళ్ళు కూడా సంతోషించారు. ఎలాగూ అక్కడ ఉంటున్నావుగా అని, ఫైర్ స్టేషన్ వెనక చిన్న గదిలో ఒక మిషను పెట్టి దాన్ని నాకు అప్పగించారు. బయటి గాలిని గొట్టంతో పీల్చి, అందులో ఓజోన్ ఎంతుంటే అంత ఎత్తున కాగితం మీద కలంతో గీత గీస్తూ పోయే పెట్టె అది.

కొండ అందంగా ఉంది. కానీ చెట్లు బాగాలేవు. పైన్ చెట్లన్నీ పలచబడి, కొమ్మల చివర మాత్రం ఇన్ని ఆకులు మిగిలి ఉన్నాయి. ఆ సూదుల్లాంటి ఆకుల మీద పసుపు మచ్చలు. గాలి లేకపోయినా జలజల రాలేవి. మా అమ్మాయి ఒకరోజు చెట్టు మొదలుకి చెవి ఆనించి, "మామ్, లోపల సమ్‌బడీ నములుతున్నారు" అంది. నేనూ చెవి పెట్టి విన్నాను. బెరడు కింద పురుగులు. నిజంగానే నములుతున్నాయి.

"ఈ చెట్లకేదో జబ్బు చేసిందే" అన్నారు అత్తగారు.

వానలు లేవు కదా అన్నాను.

పిల్ల పొద్దుటి నుంచీ లేడిపిల్లలా గెంతేది. దీపాలు పెట్టే వేళకి మాత్రం దగ్గు మొదలు. రోజూ అదే వేళకి. చీకటి పడేసరికి పిల్లికూతలు, తెల్లారేదాకా అవే. పట్నంలో కంటే ఎక్కువయ్యాయి. అత్తగారు ఉప్పూ మిరపకాయలూ దిగదుడిచి పొయ్యిలో వేశారు. ఆ ఘాటుకి మేమంతా దగ్గాం.

"సందెవేళ పిల్లని బయట తిప్పకు. గాలి సోకింది దీనికి" అన్నారు.

నవ్వాను. ఎమ్మెస్సీ చదివినదాన్ని మరి.

ఒక సాయంత్రం కాగితం మార్చడానికి వెళుతూ పిల్లని కూడా తీసుకెళ్ళాను. గదిలో మిషను సన్నగా గుర్రుమంటోంది. పిల్ల దగ్గింది. ఇంకోసారి దగ్గింది. అప్పుడు, నా కళ్ళముందే, కలం కదిలి పైకి ఎక్కడం మొదలుపెట్టింది. కిటికీలోంచి చూస్తే ఆకాశం కడిగినట్టు ఉంది. మిషను చెడిందేమో అనుకున్నాను. అనుకోవాలని ఉంది. ఓజోన్‌ని పట్టేసే బొగ్గు గొట్టం తగిలించి శుభ్రమైన గాలి పట్టిస్తే కలం బుద్ధిగా సున్నాకి దిగింది. గొట్టం తీసేస్తే మళ్ళీ ఎక్కింది. అబద్ధమాడే మిషను కాదది.

చుట్టిన కాగితం వెనక్కి విప్పాను. పట్నంలో మా గీత పొద్దు గూకగానే పడిపోతుంది. ఇక్కడి గీత పొద్దు గూకే వేళకి లేచి, రాత్రంతా అక్కడే బల్లపరుపుగా ఉంది. ప్రతి రాత్రీ అంతే. అప్పుడు అర్థమైంది. మధ్యాహ్నం లోయలో ఉడికిన గాలి ఎండకి వేడెక్కిన కొండ వాలు పట్టుకుని మెల్లగా పైకి వస్తోంది. పట్నంలో అయితే చీకటి పడ్డాక తిరిగే కార్ల పొగ, ఎండలో ఉడకని పచ్చి పొగ, ఆ ఓజోన్‌ని తినేస్తుంది. ఇక్కడ కార్లు లేవు, తినేవాళ్ళు లేరు. వచ్చింది వచ్చినట్టే చెట్ల మధ్య, మా మంచాల చుట్టూ కూర్చుంటోంది. ఆ చెట్ల జబ్బూ ఇదే.

బయటికి వచ్చేసరికి మా ఆయన కొండ అంచున నిలబడి, గుండెల నిండా గాలి పీలుస్తున్నారు.

"పీల్చకండి" అని అరిచాను.

కిందకి వెళ్ళిపోదామని నేననడంతో ఆ రాత్రే గొడవ. లోన్ అప్రూవ్ అయిందని ఆయనకి ఆ మధ్యాహ్నమే ఫోన్ వచ్చింది.

"కిందకి పోదామా? ఫ్రీవే పక్కకి? స్కూళ్ళకి ఫోన్ చేసి భయపెట్టేది నువ్వే కదా!"

"పగలు తలుపులు మూసి లోపలే ఉంచుతాను. రాత్రికి అక్కడ ఈ విషం ఉండదు. కార్ల పొగ దాన్ని తినేస్తుంది."

"నువ్వేం అంటున్నావో నీకు తెలుస్తోందా? కార్ల పొగ మంచిదంటావా?"

"మంచిదనట్లేదు. పిల్ల ఊపిరి ఆగిపోతోందంటున్నాను" అన్నాను. చెప్పాక ఏడుపొచ్చింది. అంతవరకూ ఆ మాట ఎవరమూ పైకి అనలేదు.

మర్నాడు ఆయన సైన్ చెయ్యడానికి వెళ్ళలేదు. సామాను కార్లో పెట్టడం మొదలుపెట్టారు.

పట్నం చేరాక పగలు తలుపులు మూసి పిల్లని లోపలే ఉంచి, రాత్రి మా పాత మంచాల మీద పడుకున్నాం. కిటికీకి కూతవేటు దూరంలో ఫ్రీవే. ట్రక్కులు వెళుతుంటే గ్లాసులు గలగలమనేవి. ఎప్పుడు నిద్రపట్టిందో తెలియదు. తెలతెలవారుతుండగా అత్తగారు నా భుజం పట్టి కుదిపారు.

"అమ్మాయ్, లే. పిల్ల దగ్గర్నుంచి చప్పుడు రావట్లేదు."

ఒక్క ఉదుటున లేచి పిల్ల ముక్కు దగ్గర వేలు పెట్టాను. వెచ్చగా తగిలింది. మళ్ళీ తగిలింది. చప్పుడు లేకుండా, హాయిగా ఊపిరి తీస్తోంది. నమ్మలేక అత్తగారి చెయ్యి కూడా తెచ్చి అక్కడ పెట్టాను. ఇద్దరం అలాగే నేల మీద కూలబడిపోయాం. బయట ఏదో పెద్ద ట్రక్కు, పొగ కక్కుకుంటూ పోతోంది. అత్తగారు అటు తిరిగి దానికి దణ్ణం పెట్టారు. ఆవిడని ఆపాలనిపించలేదు నాకు.