నా ముందుకు రాని మీథేన్

నిన్న పక్కింటివాళ్ళు గేటుకి సిల్వర్ పెయింటు వేయిస్తుంటే ఆ వాసన మా వంటింటి దాకా వచ్చింది. ఆ వాసనకి కొందరికి తల తిరుగుతుందట, నాకైతే ఊపిరే ఆడదు. తలుపులూ కిటికీలూ బిగించేసిన గదిలో నన్నెవరో మళ్ళీ కూర్చోబెట్టినట్టుంటుంది. ఆ గది చోడవరంలో మా హైస్కూలు సైన్సు ల్యాబు. నేనప్పుడు తొమ్మిదో తరగతి.

చెరకు క్రషింగు నడిచే రోజులవి. రావికమతం, రోలుగుంట వైపుల నుంచి చెరకు ట్రాక్టర్లు ఊళ్ళోకి బారులు తీరేవి, మేం వాటి వెనక పరుగెత్తి గడలు లాక్కుని నములుకుంటూ బడికి పోయేవాళ్ళం, ఆరేసిన బట్టల మీద చక్కెర ఫ్యాక్టరీ నల్లనుసి రాలేది, క్రిస్మస్ దగ్గర పడిందని అమ్మ అరిసెలకి బియ్యం నానబోసేది. సాయంత్రాలు చర్చి ముందు ఏడు పెంకులాట ఆడేవాళ్ళం. నా వైపు వచ్చిన బంతి ఒక్కటీ నాకు చిక్కేది కాదు. "నీయి సేతులేటే, జల్లెళ్ళేటే" అని అక్క వెక్కిరించేది.

చేతుల తప్పేమీ లేదు. నా ఎడమ కంటికి అన్నీ మసకే. ఆ సంగతి నాకు ఒకటో తరగతి నుంచీ తెలుసు. బళ్ళో కళ్ళు పరీక్ష చేసినప్పుడు, నా ముందు నిలబడ్డవాళ్ళు చదివిన అక్షరాలు బట్టీపట్టి అప్పజెప్పేశాను. ఎందుకు దాచానంటే, మా చర్చిలో ఒంట్లో బాగాలేనివాళ్ళని ముందుకు పిలిచి, తల మీద చెయ్యి వేసి ప్రార్థన చేసేవారు. అందరూ వాళ్ళనే చూసేవారు. అది ప్రేమేనని ఇప్పుడు తెలుసు. అప్పుడు మాత్రం అలా నిలబడటం కన్నా ఒంటికన్నుతో బతికేయడమే మేలనిపించింది.

మా సైన్సు మాస్టారు ప్రసాదు గారికి ఏదన్నా పట్టుకుంటే వదిలే అలవాటు లేదు. ఆ ఏడు ఆయన్ని పట్టుకున్నది మీథేన్ అణువు. పుస్తకంలో చదునుగా వేసిన బొమ్మ చూస్తే పిల్లలకి అది పలకలాంటిదనుకునే రోగం పట్టుకుంటుందని ఆయన బాధ. బంకమట్టి ఉండలకి సైకిలు పుల్లలు గుచ్చి అణువు చేశారు, కెమెరాని రెండున్నర అంగుళాలు పక్కకి జరిపి రెండు ఫోటోలు తీశారు, పాత స్లైడు ప్రొజెక్టర్లు రెండు ఎక్కణ్ణుంచో తెచ్చి పక్కపక్కన పెట్టి, వాటి ముందు పోలరాయిడ్ అనే మసక రేకులు అడ్డం పెట్టారు. అవే రేకులతో చేసిన అట్టకళ్ళజోళ్ళు మాకిచ్చారు. ఒక్కో కంటికి ఒక్కో బొమ్మే అందుతుంది, మెదడు ఆ రెంటినీ కలిపి, అణువుని గాలిలో నిలబెడుతుంది. తెల్లదుప్పటి కడితే రెండు బొమ్మలూ కలగాపులగమైపోయాయి. వెండిరంగు వేసిన తెరే కావాలన్నారు మాస్టారు. గేట్లకి రంగులేసే మా నాన్న ప్లైవుడ్ చెక్కకి సిల్వర్ పెయింటు వేసిచ్చాడు.

కిటికీలకి యూరియా సంచులు కట్టి తలుపు గడియ పెట్టారు. ఆరీ ఆరని పెయింటు, ప్రొజెక్టర్ల వేడి, నలభై మంది చెమట. దీపం వెలగగానే అందరూ గాలిలోకి చేతులు చాచి దేన్నో పట్టుకోబోయారు. నాకు చెక్క మీద చదునైన బొమ్మ కనిపించింది.

"ఏటే, ఎదరకొచ్చిందా?" అన్నారు మాస్టారు.

"వచ్చింది సార్" అన్నాను.

బొమ్మలు రెండూ సరిగ్గా కుదరకపోతే పిల్లలు తలనొప్పని కళ్ళజోళ్ళు తీసేసేవారు. నాకు ఎప్పుడూ రాలేదు. రెండో బొమ్మ నా దాకా వస్తేగా. "ఈ గుంటవి గట్టి కళ్ళర్రా" అని మాస్టారు నన్నే తన అసిస్టెంటుని చేసుకున్నారు. ప్రొజెక్టర్ల కింద నోటుపుస్తకాలు పెట్టి ఎత్తు సరిచేసే పని నాది. ఇంట్లో ఈ మాట తెలిసి అమ్మ పొంగిపోయింది.

"ఆదోరం సాక్ష్యం సెప్పాల నువ్వు" అంది.

"ఏటి సెప్పాలమ్మా?"

"సూసింది సెప్పు."

చర్చిలో అందరి ముందూ లేచి, దేవుడు చేసిన, కంటికి ఆనని అణువు నా ముందుకొచ్చి నిలబడిందని సాక్ష్యం చెప్పాను. అందరూ స్తోత్రం అన్నారు. అమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. అబద్ధాన్ని దేవుడి ముందు పెట్టాక ఇంక దాన్నెక్కణ్ణుంచి వెనక్కి తీసుకోను?

క్రిస్మస్ ముందు పై ఆఫీసరొకాయన మా ప్రదర్శన చూడ్డానికి వచ్చాడు. మాస్టారు గర్వంగా నన్ను ముందుకు నెట్టారు. "ముందున్న ఆ హైడ్రోజన్ ఎక్కడుందో ముట్టుకుని చూపించు, పాపా" అన్నాడు ఆఫీసరు. నేను నడిచాను. ఎక్కడ ఆగాలో తెలియలేదు. చెక్క దాకా పోయి దాని మీదే వేలు పెట్టాను. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. "దాటిపోనాదిరా" అన్నారింకెవరో.

అప్పుడు నోటుపుస్తకాల మీద ప్రొజెక్టరు జరిగిన చప్పుడు వినబడింది. బొమ్మ ఓ పిసరు పక్కకి కదిలింది. "ముందుకే కాదు సార్, ఎంత దూరంలో కావాలంటే అంత దూరంలో పెట్టొచ్చు. పిల్ల వేలు పెట్టిన చోటికే తెస్తాను చూడండి" అంటున్నారు మాస్టారు. హైడ్రోజన్ నా వేలి కొసకి వచ్చి ఆగిందట. ఆఫీసరు చప్పట్లు కొట్టాడు.

అందరూ వెళ్ళాక మాస్టారు నా కుడికన్ను అరచేత్తో మూసి, రెండో చెయ్యి ముందుకు పెట్టి వేళ్ళెన్నో చెప్పమన్నారు. చెప్పలేకపోయాను.

"ఇంటికాడ సెప్పు. కంటి డాట్రుకి సూపించమను."

"సెప్తాను సార్."

ఆయన నమ్మేశారు. వేసవిలో ఆయనకి బదిలీ అయింది. నేను ఎవరికీ చెప్పలేదు.

ఇప్పుడా ల్యాబు లేదు. మాస్టారూ లేరు. పిల్లలు అణువుల్ని ఫోన్లో వేలితో గిరగిరా తిప్పేస్తున్నారు, చీకటి గదితో పని లేదు. నేను ఉద్యోగానికి మెడికల్ టెస్టుకి వెళ్ళినప్పుడు విశాఖపట్నంలో డాక్టరు, చిన్నప్పుడే చూపించి ఉంటే, పోనీ తొమ్మిదిలో చూపించినా, చూపు కొంత దారికొచ్చేదని అన్నాడు. తప్పు నాదే, మాస్టారిది కాదు. ఎన్నిసార్లు అలా అనుకున్నా ఆయన మీద నాకు కోపం పోదు. ఆ రోజు ఆయన ప్రొజెక్టరుని ముట్టుకోకుండా ఊరుకుంటే క్లాసంతా నవ్వేది, నేను ఏడ్చేదాన్ని, సాయంత్రానికల్లా నాన్నకి తెలిసిపోయేది.