బంకమట్టి మింగిన పొటాష్

చేలో దిగితే చిన్నమ్మకు ఎక్కడలేని ధీమా. అలాంటి మనిషికి, భర్త పోయిన దగ్గర్నుంచి టమాటా తోట అంతుచిక్కడం లేదు. అడుగు ఆకుల అంచులు సెగ తగిలినట్టు మాడతాయి. ఆ మాడు మెల్లగా పైకి పాకుతుంది. కాయ కూడా ఒకపక్క ఎరుపు, ఒకపక్క పసుపు.

పొటాష్ ఎరువు వెయ్యక కాదు. భర్త వేసినట్టే నాట్లకు ముందు తట్ట చంకన పెట్టుకుని, ఆ ఎర్రటి గుళికలను చేను నిండా చల్లేది. ఆయన చెయ్యి ఊపినట్టే ఊపేది. ఆ కాసేపు ఆయన పక్కనే నడుస్తున్నట్టు ఉండేది.

ఈసారీ పూత రాకముందే ఆకులు మాడటం మొదలైంది. చేను ఉమ్మడిది. మరిది వచ్చి ఒక ఆకు తుంచి చూశాడు.

"ఇంకెన్నాళ్లు వదినా ఈ మట్టితో కుస్తీ? ఇటుకల బట్టీ ఆయన అడుగుతున్నాడు, తవ్వుకోనిద్దాం."

"తవ్వుకుపోయాక ఆ గోతిలో చేపలు పెంచుదామా ఇద్దరం?"

"నవ్వులాట కాదు. పూత నిలిచేలోగా తోట తేరుకోకపోతే చేను ఇచ్చేస్తా. అప్పుడు నువ్వు అడ్డు రాకూడదు."

"తేరుకుంటే నువ్వు బట్టీ ఊసెత్తకూడదు," అని ఆమె తిన్నగా ఎరువుల కొట్టుకు నడిచింది.

"ఇంకో బస్తా ఇవ్వు బాబూ."

"ఇంకో బస్తా కాదమ్మా, ఇంకో చోట వెయ్యండి," అన్నాడు కొట్టాయన. "బంకమట్టి పొరలు పొరలుగా ఉంటుంది. పొటాష్ ఆ పొరల్లోకి దూరుతుంది. మట్టి ఎండి బిగుసుకుంటే లోపల గడియ పడ్డట్టే. బయటికి రాదని కాదు, ఎప్పటికో తీరిగ్గా వస్తుంది. అందాకా మొక్క ఆగుతుందా?"

"ఆయన ఇన్నేళ్లూ చల్లాడే! ఆయనకి తెలీదంటావా?" అంది చిన్నమ్మ.

"ఆయన బండ్లకొద్దీ పశువుల పెంట తోలేవాడు గదమ్మా. మట్టి కడుపు నిండుగా ఉండేది, పైన చల్లింది మొక్కకు దక్కేది. పశువుల్ని అమ్మేశాక ఆ మట్టి ఆకలి మీదుంది. ముందు అదే మింగుతుంది."

ఏం చెయ్యాలో కొట్టాయనే చెప్పాడు. మొక్కకు జానెడు ఎడంగా, నాలుగు వేళ్ల లోతున గాడిలా చాలు తీసి ఒకే వరసన పొయ్యాలి. ఒక్కచోట పడితే మట్టి మింగగా వేరుకూ మిగులుతుంది. మొక్క మొదలుకే ఆనించి పోస్తే మాత్రం వేరు మాడుతుంది. చేను ఎండనివ్వకూడదు. సగం ఇప్పుడు, సగం పిందె పడేటప్పుడు.

తెల్లారి, ఇంట్లో మిగిలిన పొటాష్ తట్టలో పోసి ఎత్తుకోగానే చెయ్యి దానంతటది పైకి లేచింది. చిన్నమ్మ ఆగిపోయింది. ఊపకపోతే ఆయన పక్కన నడవడు. తట్ట కిందికి దించింది.

"నీ చెయ్యి నీది, నా చెయ్యి నాది. ఏమీ అనుకోకు," అని పైకే అనేసి, చిన్న పార పట్టుకుని మొదటి మొక్క దగ్గర కూర్చుంది. చాలు తీసి, పోసి, కప్పి, నీళ్లు పెట్టింది.

పూత విచ్చాక మరిది వచ్చాడు. వస్తూనే అడుగు ఆకుల్లో వెతికాడు.

"మాడినవి మాడినట్టే ఉన్నాయిగా!"

"అవి ఇక బాగుపడవు. పైన చూడు."

మాడు ఎక్కడుందో అక్కడే ఆగింది. దాని పైనంతా నిండు పచ్చదనం, అంచుల దాకా. నాలుగు వరసలు తిరిగినా అతనికి వంక దొరకలేదు.

"బట్టీ ఆయనకి ఏం చెప్పమంటావు?"

"చేను ఖాళీ లేదని చెప్పు. పిందె పడుతోంది, రెండో విడత పొయ్యాలి. ఆ తట్ట ఇలా పట్టుకురా."