నా ప్రార్థన కోసం ఆగిన పెద్దమ్మ

పెద్దమ్మ పోయిందని మంగళవారం పొద్దున మా లక్సెట్టిపేట చర్చి సంఘం వాళ్లందరికీ ఫోన్లు చేసింది నేనే. ముగ్గురు నమ్మలేదు. "గిసొంటి పరాచికాలు ఆడొద్దుర, కండ్లు పోతయ్" అని ఒకాయన ఫోన్ పెట్టేశాడు. తప్పు ఆయనది కాదు, నా బతుకంతా అలాగే గడిచింది మరి. చివరికి నా భార్య ఫోన్ తీసుకుని చెబితేగానీ జనం కదల్లేదు.

ఆమె నాకు చుట్టం కాదు. మా సంఘం తరఫున ఇంటింటికీ తిరిగి ప్రార్థన చేసే బైబిల్ ఉమన్. అందరం పెద్దమ్మ అనేవాళ్లం. ఎవరింటికి పోయినా ముందు బైబిల్ తీసేది కాదు. "ఏం వండుతున్నవ్ బిడ్డా?" అని అడిగేది. చిక్కుడుకాయలుంటే ఈనెలు తీస్తూ కూర్చునేది. అవి అయిపోయేలోపు ఆ ఇంటి బాధ బయటికొచ్చేది. అప్పుడు సంచి విప్పేది. ఆమె బైబిల్లో గుర్తుకు పెట్టుకున్నవన్నీ పాత బస్సు టికెట్లే, చెన్నూరు వైపు పల్లెలు తిరిగినప్పటివి.

నేను ఏడో తరగతిలో బడి మానేసి ట్రాక్టర్లు బాగుచేసే పనిలో పడ్డాను. మాకు ప్రతి గురువారం ఒకరింట్లో కూడిక ఉంటుంది. గుండ్రంగా కూర్చుని ఒకరి తర్వాత ఒకరు ప్రార్థన చేయాలి. నా వంతు వస్తే మా పాస్టరయ్యగారి గొంతు పెట్టేవాణ్ని. అదే సాగదీత, మధ్యలో అదే దగ్గు. ఆడవాళ్లు నోట్లో కొంగులు కుక్కుకునేవాళ్లు. అయ్యగారు బదిలీ అయి ఇచ్చోడ పోయినా ఆయన గొంతు నా దగ్గరే ఉండిపోయింది.

ఒకరోజు పెద్దమ్మ పక్కకు పిలిచింది. తిడుతుందనుకున్నాను.

"మస్తు చేస్తవ్ కొడుకా. నాకు గూడ నవ్వొచ్చింది. గని నీ గొంతెట్లుంటదో దేవునికి ఎర్కనే లేదు. ఇన్నేండ్ల సంది అయ్యగారే మాట్లాడుతుండు అనుకుంటుండేమో."

"నాకు గా పెద్ద పెద్ద మాటలు రావు పెద్దమ్మా."

"మంచిగ మాట్లాడుమన్ననా? నిజం మాట్లాడుమన్న."

ఆ తర్వాత అయ్యగారి గొంతు పెట్టడానికి సిగ్గయ్యేది. నా గొంతేమో వచ్చేది కాదు. నా వంతు రాగానే ఆమెన్ అని తప్పించుకునేవాణ్ని. పెద్దమ్మ మాత్రం పక్కవాళ్లను మొదలుపెట్టనిచ్చేది కాదు. కళ్లు మూసుకుని ఆగేది. అందరూ కదిలేవాళ్లు, గొంతు సవరించుకునేవాళ్లు. ఒకసారి పొయ్యి మీద చాయ్ పొంగిపోతున్నా ఆగింది. ఇక రాదని తేలాక, "వీడు తర్వాత మాట్లాడుతడట తండ్రీ, జర ఆగు" అని తనే ప్రార్థన అందుకునేది. ఏళ్లకేళ్లు ఇదే వరస.

పోయిన నెల ఆమెకు ఆయాసం ఎక్కువైంది. ఇంటికి తీసుకుపొమ్మని డాక్టర్లు చెప్పేశారు. చూడ్డానికి పోయి మంచం పక్కన స్టూలు మీద కూర్చున్నాను.

"ప్రార్థన చెయ్ కొడుకా," అంది. "ఇగ నేను ఎక్కువ ఆగలేను."

భయంతో నా నోట్లోంచి అయ్యగారే వచ్చాడు. "మహోన్నతుడవైన తండ్రీ..."

ఆమె చెయ్యెత్తి నా మోకాలి మీద ఒకటిచ్చింది. "అయ్యగారు ఇచ్చోడల ఉన్నడు. నువ్వు మాట్లాడు."

వచ్చింది ఇంతే.

"దేవా, పెద్దమ్మకు దమ్ము ఆడుతలేదు. నాకు భయమైతుంది. జర వచ్చి దగ్గర కూసో."

ఆమెన్ అనడం కూడా మర్చిపోయాను. పెద్దమ్మ కళ్లు తెరవలేదు. మంచం పట్టె పట్టుకుని, ఆయాసపడుతూ, కొంచెం కొంచెంగా గోడవైపు జరిగింది. మనిషి కూర్చునేంత జాగా అయింది. నన్నే రమ్మంటోందనుకుని లేచి కూర్చోబోయాను.

"నీకు గాదుర," అంది.

నేను నేల మీద కూర్చున్నాను. ఆ ఖాళీ జాగాలో ఆమె చెయ్యి చాపి ఉంది, అరచేయి పైకి పెట్టి.